ఏడు దాటితే నత్తనడక నడిచే వైఫై

మేముండేది హైదరాబాద్‌లో, కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో. పగలంతా బాగానే ఉండే వైఫై రాత్రి ఏడు దాటితే నత్తనడకే. ఆఫీసు కాల్‌లో నా మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందని రోజూ ఒకటే గోల. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేయండి సార్" అంటారు. నాలుగుసార్లు అదే మంత్రం.

విసుగొచ్చి ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్ వేసుకుని చూశాను. మా హాల్లో 19 ఇళ్ల సిగ్నళ్లు! సగానికి పైగా, మాదానితో సహా, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో (వైఫై వాడే ఒక రేడియో తరంగాల పరిధి) 6వ ఛానల్ (ఆ పరిధిలో ఒక దారి) మీదే ఎక్కి కూర్చున్నాయి, ఆదివారం రైతుబజారులా. ఆ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు మామూలుగా 1, 6, 11 మూడే.

రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లాలంటే బ్రౌజర్‌లో కొట్టాల్సిన అడ్రసు, పాస్‌వర్డ్ దాని అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. మాది వంటింటి పక్కన ఫ్రిజ్ వెనకాల ఉండి, జిడ్డు పట్టి అక్షరాలు సగం చెరిగిపోయాయి. తడిగుడ్డతో తుడిచి, టార్చ్ వేసి చదివాను. ఛానల్‌ను రౌటరే ఎంచుకునే 'ఆటో' తీసేసి 11 పెట్టాను. లాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మార్చాను. ఆ బ్యాండ్ సిగ్నల్ గోడలు దాటడంలో కాస్త నీరసం కాబట్టి రౌటర్‌ను హాల్లో అల్మారా పైకెక్కించాను.

కాల్స్ తెగడం ఆగింది. వేలాడే కేబుల్ చూసి మా ఆవిడ మాత్రం ఇంకా గొణుగుతూనే ఉంది.