దిబ్బరొట్టె పైన ఎర్రగా, లోపల పచ్చిగా వస్తోందా? ముందు రవ్వ చూడండి

శనివారం ఒంటిపూట ఉండేవాళ్ళ ఇంట్లో రాత్రి ఫలహారానికి వేసిన దిబ్బరొట్టె పాడైతే ఆ పూటకి ఇంకో దారి ఉండదు. కావలసినవన్నీ ఇంట్లో ఉండేవే: మినపగుళ్ళు, బియ్యపు రవ్వ, జీలకర్ర, ఉప్పు, నూనె. అయినా మా కోనసీమలోనే నన్ను అడిగేవాళ్ళలో ఎక్కువమందిది ఒకటే బాధ. పైన పెంకు ఎర్రగా కరకరలాడుతుంది, చాకు పెట్టి కోస్తే మధ్యలో తెల్లగా జిగురు ముద్ద.

రుబ్బడం, మూకుడులో పొయ్యడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. కొలత గ్లాసు మినపగుళ్ళకి రెండు గ్లాసుల రవ్వ.

మధ్యలో పచ్చిగా ఉంటే

అందరూ ముందు మంటని అనుమానిస్తారు. సెగ తగ్గించి ఇంకో పది నిమిషాలు ఉంచుతారు. పెంకు మందమవుతుంది గానీ మధ్యలో ముద్ద అలాగే ఉంటుంది. నేనూ అదే చేశాను. ఒక శ్రావణమాసం చుట్టాలు వచ్చిన రాత్రి వరసగా రెండు రొట్టెలు పచ్చిగా దిగాయి. స్టవ్ మార్చాను, మూకుడు మార్చాను. మూడోదానికి ఇంకాస్త రవ్వ కలుపుదామని గిన్నెలో చెయ్యి పెడితే అడుగున రవ్వ నీళ్ళోడుతూ తగిలింది. అప్పటికి గానీ అర్థం కాలేదు.

రవ్వ కడిగి నానబెడతాం కదా, పైనున్నదాన్ని శ్రద్ధగా పిండుతాం. ఆఖరికి గిన్నె అడుగున మిగిలినదాన్ని మాత్రం అలాగే ఎత్తి పిండిలో వేసేస్తాం. నీళ్ళన్నీ దిగి ఉండేది అక్కడే. కలిపిన వెంటనే ఆ తేడా కనిపించదు. మినప్పిండి గట్టిగా, నురగలా ఉంటుంది కాబట్టి నీటిని తనలో దాచేస్తుంది. ఇడ్లీకైతే ఇంత ఇబ్బంది రాదు, అది చిన్నది, చుట్టూ ఆవిరి తగులుతుంది. దిబ్బరొట్టె అంగుళంన్నర మందం, సెగ కిందనుంచే. అడుగున పెంకు కట్టి, పైన మూత ఉన్నాక లోపలి నీళ్ళు ఎటు పోతాయి? మా అమ్మమ్మ మూత మీద కూడా నిప్పులు వేసేది, పైనుంచీ కాలేది. గ్యాస్ స్టవ్ మీద ఆ సాయం లేదు కాబట్టి రవ్వని మనం ఇంకా గట్టిగా పిండుకోవాలి.

గుప్పెడు రవ్వ తీసి పిండి, చెయ్యి తెరిచి చూడండి. ముద్ద మీద వేళ్ళ అచ్చులు నిలబడాలి. బొటనవేలితో నొక్కితే పొడిపొడిగా విడిపోవాలి. వేళ్ళ సందున తడి మెరిసిందంటే ఇంకా పిండాలి. అడుగు రవ్వని పలచని గుడ్డలో మూటకట్టి పిండేయండి. అన్నీ కలిపాక పిండి చేతిలోకి తీసుకుని వంచితే ముద్దగా జారిపడాలి, ధార కట్టకూడదు. అర నిమిషం పని ఇది. ఎన్నిసార్లు చెప్పినా ఇదొక్కటే వదిలేసి మిగతావన్నీ మారుస్తుంటారు, అదే నా బాధ.

ఇప్పటికే పలచగా కలిపేశారా? బియ్యప్పిండి వెయ్యకండి, రొట్టె గట్టిపడి సాగుతుంది. రెండు మూడు చెంచాల పొడి రవ్వ కలిపి అరగంట పక్కన పెట్టండి, నీళ్ళు అది పీల్చుకుంటుంది. అంత టైమ్ లేకపోతే దిబ్బరొట్టె ఆలోచన మానేసి అరంగుళం మందాన రొట్టెలు వేసుకోండి.

అడుగు మాడితే

ఇది మాత్రం నిజంగా మంట సంగతే. మూకుడు పలచనిదైతే కింద పాత ఇనప పెనం పెట్టండి. నూనె కాగాక పిండి వేసి, వెంటనే సన్నసెగకి తగ్గించి మూత పెట్టాలి. మొదటి వైపు దాదాపు ఇరవై నిమిషాలు, తిప్పాక పది. తిప్పేముందు అంచులు మూకుడుని వదిలాయో లేదో చూసుకోండి. వదలకముందే అట్లకాడ పెడితే పెంకు మూకుడుకే ఉండిపోతుంది.

రొట్టె రాయిలా ఉంటే

మినప్పిండి సరిగ్గా నలగలేదు. చిన్న ఉండ నీళ్ళలో వేస్తే తేలాలి. మునిగితే ఇంకాసేపు రుబ్బండి.

ఫ్రిజ్‌లోంచి తీసిన పిండి చల్లగా వేసినా మధ్యలో కాలదు, గంట ముందు బయట పెడితే చాలు. పప్పు పాతది, ఉప్పు ముందే వేశాం లాంటివి నాకు ఎప్పుడోగాని ఎదురుకాలేదు, వాటి గురించి టెన్షన్ పడకండి.

దించేముందు శుభ్రమైన కొబ్బరి ఈనె మధ్యలో గుచ్చి తియ్యండి. పిండి అంటుకోకుండా రావాలి. దించాక అయిదు నిమిషాలు ఆగి కొయ్యండి. అప్పటికీ లోపల పచ్చి కనిపిస్తే పారెయ్యకండి. వేలెడు వెడల్పు ముక్కలు కోసి, కోసిన వైపు పెనానికి ఆనేట్టు పెట్టి కొంచెం నూనెతో ఎర్రగా కాల్చండి. చెరుకు పానకంలో ముంచుకుంటే పిల్లలు ఆ ముక్కల్నే ముందు తీసుకుంటారు.