చుక్కలు, చింతగింజలు, బంకమట్టి: మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలతో ఇంట్లో ఆడించవలసిన చదువు

మూడేళ్లు నిండగానే అక్షరాలు దిద్దించకపోతే పిల్లలు వెనకబడిపోతారన్న భయం చాలామంది తల్లిదండ్రుల్లో ఉంది. 2020 నాటి జాతీయ విద్యా విధానం మాత్రం 3 నుంచి 8 ఏళ్ల వయసును పునాది దశగా పరిగణించి, అంగన్‌వాడీ మొదలుకొని రెండో తరగతి వరకు బోధన ఆటల ద్వారా, కృత్యాల ద్వారా సాగాలని చెప్పింది. బడిలో అది ఎంతవరకు జరుగుతున్నా, ఇంట్లో రోజుకు ఒక అరగంట కేటాయించడం మన చేతిలోని పనే.

సామగ్రికి పెద్ద ఖర్చు లేదు. పలక, బలపం, సుద్దముక్కలు, ముగ్గుపిండి, గుప్పెడు చింతగింజలు, కాస్త బంకమట్టి, ఒకవైపు ఖాళీగా ఉన్న పాత కాగితాలు చాలు. వీటిని పిల్లల చేతికి అందేలా ఒక మూల ఉంచండి. మూడేళ్లలోపు పసివాళ్లున్న ఇంట్లో గింజలు, గవ్వలు గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది కాబట్టి వాటిని దూరంగా పెట్టి, తడిపిన గోధుమపిండి ముద్ద ఇవ్వండి. మట్టిని, పిండిని పిసికి, నొక్కి, సాగదీసే పనిలో వేళ్లకు వచ్చే పట్టే తరువాత పెన్సిలు పట్టుకోవడానికి ఉపయోగపడుతుంది.

లెక్కలకు వామనగుంటలను మించిన ఆట నాకు కనిపించలేదు. ఏడేసి గుంటల చొప్పున రెండు వరుసలున్న పీట లేకపోతే నేల మీద సుద్దతో పద్నాలుగు సున్నాలు చుట్టండి. గుంటకు నాలుగు చొప్పున 56 గింజలు పోయండి. ఆడేవారు తమ వైపున్న ఒక గుంటలోని గింజలన్నీ తీసి, వరుసగా గుంటకొకటి చొప్పున వేసుకుంటూ వెళ్లాలి. చేతిలోవి అయిపోయాక పక్క గుంటలోవి తీసి పంచాలి. ఆ గుంట ఖాళీగా ఉంటే దాని తరువాతి గుంటలోని గింజలు వారివి అవుతాయి. నియమాలు ఊరూరికీ కొంత మారతాయి కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన పద్ధతే పాటించండి. నాలుగేళ్ల పిల్లలకు పద్నాలుగు గుంటలు ఎక్కువ. వరుసకు మూడేసి గుంటలు, గుంటకు మూడేసి గింజలతో మొదలుపెట్టవచ్చు.

మొదట్లో పిల్లలు చేతికందిన గుంటను తీస్తారు. కొన్నాళ్లకు, గింజలు తీయకముందే వేలిని ఒక్కో గుంట మీదుగా జరుపుతూ, పెదవులు కదిలిస్తూ, చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే లెక్కపెట్టుకోవడం మీరు గమనిస్తారు. ముందుచూపుతో ఆలోచించడం అక్కడే మొదలవుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే పెద్దలు “అది కాదు, ఇది తియ్యి” అంటే ఆ ఆలోచన అక్కడితో తెగిపోతుంది. దయచేసి ఓపిక పట్టండి.

ముగ్గు కూడా గణితమే. 3 చుక్కలు పెట్టి, వాటి సందుల్లోకి వచ్చేలా పైన 2, కింద 2 పెడితే 7 చుక్కలవుతాయి. పెద్ద పిల్లలకు 7 చుక్కలతో మొదలుపెట్టి 4 వచ్చే వరకు సందు చుక్కలు పెట్టడం చూపించి, మొత్తం ఎన్నో అడగండి. ఒక్కొక్కటిగా లెక్కపెట్టి 37 అని చెప్పినవారే, పైసగం, కిందసగం సమానమని తరువాత వారంతట వారే కనిపెడతారు. మెలికల ముగ్గులో గీత మూసుకోకపోతే ఎక్కడ తప్పిందో వాళ్లనే వెతకనివ్వండి. అదే చుక్కలతో కొత్త ముగ్గు కల్పించమని అడగడం మరిచిపోకండి.

బొమ్మలు గీసేటప్పుడు మూడు, నాలుగేళ్ల పిల్లలు తలకాయ నుంచే కాళ్లు మొలిచినట్టు మనిషిని వేస్తారు. ఆ వయసుకు అది సహజం; దిద్దకండి. “ఇదేమిటి?” అని నిలదీసేకంటే “దీని కథ చెప్పు బంగారం” అంటే మాటలు వాటంతట అవే వస్తాయి. “నువ్వే ఏనుగు వెయ్యమ్మా” అని కాగితం మీ చేతికిస్తే, గీసి ఇవ్వకుండా తొండం ఎంత పొడవుంటుందో, చెవులు ఎలా ఉంటాయో అడగండి. అచ్చువేసిన బొమ్మల్లో గీత దాటకుండా రంగులు నింపించే పుస్తకాలు మన ఇళ్లలో అవసరానికి మించి ఉన్నాయని నా అభిప్రాయం. వాటిలో పిల్లలు నిర్ణయించుకోవడానికి రంగు తప్ప ఏమీ మిగలదు.

కర్రను గుర్రం చేసుకుని ఆడే ఆటలో పిల్లలు ఒక వస్తువు మరొకదానికి గుర్తుగా నిలవగలదని నేర్చుకుంటారని రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ వివరించారు. అక్షరం కూడా అలాంటి గుర్తే. కాబట్టి దుకాణం ఆట ఆడుతున్నప్పుడు మీరు కొనేవారిగా వెళ్లండి, ధర బేరమాడండి, చిట్టీ రాసిమ్మని అడగండి. పిచ్చిగీతలతో రాసిచ్చినా తీసుకోండి.

పోటీలు, మార్కులు, పక్కింటి పిల్లలతో పోలికలు ఈ అరగంటలోకి రానివ్వకండి. గీసిన బొమ్మల్లో కొన్నింటి వెనక తేదీ వేసి, వాళ్లు చెప్పిన కథను వాళ్ల మాటల్లోనే రెండు వాక్యాలు రాసి దాచండి. బడిలో టీచరుగారిని కలిసేటప్పుడు వాటిని వెంట తీసుకెళ్తే, పిల్లలకు ఏం వచ్చో చూపించడానికి మీ దగ్గర ప్రోగ్రెస్ కార్డుతో పాటు మరో ఆధారం ఉంటుంది.