మంచుకొండల ట్రైనింగ్‌కి బయల్దేరే ముందు

హైదరాబాద్‌లో 12 డిగ్రీలకే మఫ్లర్ చుట్టుకునేవాళ్లం మనం. గుల్మార్గ్‌కో లేహ్‌కో చలికాలం శిక్షణకు వెళ్తున్న తమ్ముళ్లూ, సికింద్రాబాద్‌లో రైలెక్కేలోపు ఇవి చూసుకోండి.

- కొత్త బూట్లు అక్కడికెళ్లాక తొలిసారి తొడగడం పెద్ద తప్పు. నెల ముందే వేసుకుని, వీపున బరువుతో మౌలాలి గుట్ట మెట్లు ఎక్కి దిగండి. రెండు జతల సాక్సులు తొడిగినా లోపల వేళ్లు ఆడాలి. బిగిస్తే రక్తం సరిగా పారదు, మంచుకాటు (చలికి చర్మం, కండ గడ్డకట్టి దెబ్బతినడం) అక్కడే మొదలవుతుంది.

- కాటన్ బనియన్లు వద్దు. చెమటకు తడిస్తే ఓ పట్టాన ఆరవు, ఒంట్లో వేడి లాగేస్తాయి. ఉన్ని, సింథటిక్ బట్టలు పొరలుగా వేసుకోండి. నడక మొదలయ్యే ముందే ఒక పొర తీసేయాలి. కాస్త చలేస్తోందా? అయితే సరిగ్గానే వేసుకున్నట్టు.

- దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి. మద్యం మాత్రం ముట్టొద్దు.

- లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తు. దిగగానే పరుగులు తీయొద్దు. తలనొప్పి, వాంతులు మొదలైతే పరువు సంగతి పక్కనపెట్టి డాక్టరుకు చెప్పండి.

- టెంటులో బుఖారీ (వెచ్చదనం కోసం పెట్టే పొయ్యి) వెలిగిస్తే గాలికి దారి ఉంచాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

- జోడీగా ఒకరి ముఖం ఒకరు చూసుకోండి. ముక్కు, చెవి తెల్లగా పాలిపోతే మంచుతో రుద్దకండి (ఈ సలహా ఇప్పటికీ వినిపిస్తుంది!). అరచేత్తో కప్పి వెచ్చబెట్టండి. వేళ్లయితే చంకలో పెట్టుకోవాలి.