సంపులోకి ఉప్పునీరు ఎలా వచ్చిందంటే: నా అనుభవం

పాలకొల్లులో మేము కొన్న ఇంట్లో వంటింటికి మున్సిపల్ నీరే వస్తుందని అమ్మినవారు చెప్పారు గానీ, కందిపప్పు ఎంతసేపటికీ ఉడికేది కాదు, కడిగిన గ్లాసులు ఆరాక తెల్లని మరకలు తేలేవి. ట్యాంకు కడిగించడం, ఫిల్టరు మార్చడం, కార్యాలయంలో అర్జీ ఇవ్వడం, ఏదీ ఫలించలేదు.

చివరకు నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు కొని మూడు చోట్ల నీరు విడివిడిగా పట్టి చూశాను. గోదావరి కాలువ నీటిని శుద్ధిచేసి పంపే వీధి కుళాయిలో లీటరుకు 190 మిల్లీగ్రాములు, మా ఇంటి బోరులో 1,640, కుళాయి నీరు నిలవుండే నేలలోని సంపులో 870 వచ్చాయి. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కోరదగిన పరిమితి లీటరుకు 500 మిల్లీగ్రాములు. లోపం వీధిలో కాదు, మా ఇంట్లోనే ఉన్నదని అప్పుడు తేలింది.

ఆ రాత్రి కుళాయి కట్టేసి, సంపు గోడపై నీటిమట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీసి, బోరు మోటారు ఒక్కటే ఇరవై నిమిషాలు నడిపాను. గీత నాలుగు వేళ్ల లోతున మునిగింది. బోరు, సంపు మోటార్ల పైపులు రెండూ పై ట్యాంకుకు ఎక్కేముందు ఒకే టీ (మూడు పైపులను కలిపే ముక్క) దగ్గర కలుస్తున్నాయి. నీటిని వెనక్కి పోనివ్వకుండా సంపు వైపు ఉన్న నాన్ రిటర్న్ వాల్వు మూసుకోక బోరు నీరు వెనక్కి దిగుతోంది. ప్లంబరు విప్పి చూపితే దాని రేకు ఒండ్రు పట్టి సగం తెరుచుకునే ఉంది. కొత్త వాల్వు కూడా ఎప్పుడైనా అలా పట్టేయవచ్చని, టీ తీయించి బోరుకు వేరే ట్యాంకు పెట్టించాము. సంపు కడిగి నింపాక మీటరు 205 చూపింది.

వీధి కుళాయి దగ్గరే అంకె ఎక్కువగా ఉన్నవారికి ఇది పనికిరాదు. పైగా మీటరు సూక్ష్మజీవుల సంగతి చెప్పదు కనుక, మేము ఇప్పటికీ కాచి తాగుతున్నాము.