అడవిలో మెటల్ డిటెక్టర్ – 4వ పాఠం: ముందు మేకు, తర్వాత నాణెం

క్రితం పాఠంలో ఒక పని ఇచ్చాను. ఒక నాణెం, ఒక మేకు, ఒక సీసా మూత తీసుకుని 5, 10, 15 సెంటీమీటర్ల లోతున పాతిపెట్టి, పైన కాయిల్ (డిటెక్టర్ కొసనుండే, లోహాన్ని పసిగట్టే చక్రం) ఆడిస్తూ చెవికి అలవాటు చేసుకోమన్నాను. ఆ పని చేసినవాళ్లకు ఇవాళ్టి పాఠం సులువు. చెయ్యనివాళ్లు ముందు అది కానిచ్చి రండి, అడవి ఎక్కడికీ పోదు.

అనుమతి సంగతి రెండో పాఠంలో వివరంగా రాశాను. ఒక్క ముక్కలో మళ్లీ చెప్తాను: నేల ఎవరిదో వాళ్ల రాతపూర్వక అనుమతి, ఆ ప్రాంతంలో అమల్లో ఉన్న పురావస్తు చట్టం, ఈ రెండూ చూసుకోకుండా డిటెక్టర్‌ను సంచిలోంచి బయటికి తియ్యొద్దు. రక్షిత స్థలమైతే అసలు ఆ వైపే వెళ్లొద్దు.

ఇనుము మీద కోపం వద్దు

పార్కులో, ఆటస్థలంలో వెతకడం నేర్చుకున్నవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. డిస్క్రిమినేషన్ (వద్దనుకున్న లోహాల శబ్దాన్ని మూసేసే అమరిక) పెంచేసి, ఇనుము శబ్దం అసలు వినపడకుండా చేసుకుంటారు. జనం తిరిగే చోట అది సబబే. పలికిన ప్రతిదీ తవ్వుకుంటూ పోతే సాయంత్రానికి నడుం మిగలదు. అడవిలో మాత్రం ఇదే అలవాటు కొంప ముంచుతుంది.

నా సంగతే చెప్తాను. మొదటిసారి అడవికి వెళ్లినప్పుడు రెండు రోజులు తిరిగాను. ఇనుమును మూసేసి ఉంచాను కాబట్టి హెడ్‌ఫోన్స్‌లో చప్పుడే లేదు. ఇక్కడ ఏమీ లేదనుకుని తిరుగుముఖం పట్టాను. కొన్ని నెలల తర్వాత అదే చోటికి వెళ్లి డిస్క్రిమినేషన్ సున్నాకు దించి నడిస్తే, ఒక పెద్ద చెట్టు కింద, నాలుగు మంచాలు పట్టేంత జాగాలో, ఒకటే గరగర. మేకులు, గొలుసు ముక్క, విరిగిన గుర్రపు లాడం. ఆ మేకుల మధ్యనుంచే సాయంత్రానికి రెండు రాగి నాణేలు, ఒక ఇత్తడి గుండీ బయటపడ్డాయి. విచిత్రం ఏమిటంటే, మొదటిసారి వచ్చినప్పుడు అలసిపోయి నేను కూర్చున్నది ఆ చెట్టు కిందే.

ఆలోచిస్తే ఇందులో వింత లేదు. అడవిలో మనుషులు అంతటా సమానంగా తిరగరు. ఎక్కడో ఒకచోట ఆగుతారు, గుడిసె వేస్తారు, బండి విప్పుతారు, గుర్రాన్ని కడతారు. ఆగిన చోట ఎక్కువగా రాలేది ఇనుమే. నాణెం జేబులోంచి జారితే మనిషి వెనక్కి తిరిగి వెతుక్కుంటాడు. మేకు కోసం ఎవరు వంగుతారు? అందుకే అడవిలో మొదటి రోజు పని నాణేలు వెతకడం కాదు, ఇనుము ఎక్కడ గుమిగూడిందో వెతకడం. అది దొరికాక మిగతా రోజులన్నీ అక్కడే గడపాలి.

దొరికిన మేకును విసిరెయ్యకుండా ఒకసారి అరచేతిలో పెట్టుకుని చూడండి. మట్టి రాల్చి వేళ్ల మధ్య దొర్లించండి. గుండ్రంగా దొర్లితే అది తీగతో చేసిన మేకు. ఈ రకం విరివిగా వాడకంలోకి వచ్చింది 19వ శతాబ్దం చివర్లోనే. దొర్లకుండా పలకలుగా తగిలితే, తల ఒక పక్కకు ఒరిగి, సుత్తి దెబ్బల అంచులు కనపడితే, అది కమ్మరి చేతిమీద సాగిన పాతకాలపు మేకు అయ్యే అవకాశం ఎక్కువ. ఈ రెండో రకం నాలుగైదు ఒక్కచోట తగిలాయంటే నేను ఇంక ఆ రోజు అక్కడినుంచి కదలను.

నేలను చదవడం

అడవి మొత్తం జల్లెడ పట్టడం ఎవరివల్లా కాదు. పాతకాలపు మనిషిలా ఆలోచించండి. చీకటి పడుతోంది, నీళ్లు కావాలి, పడుకోవడానికి చదును నేల కావాలి, వానొస్తే మునగకూడదు. అంటే వాగుకు దగ్గరగా ఉండాలి, కానీ వాగు ఒడ్డునే కాదు, కాస్త ఎత్తున. వాగు పలచబడి దాటడానికి వీలైన రేవులు, నీటి ఊటలు, రెండు కాలిబాటలు కలిసే చోట్లు, ఏటవాలు ఎక్కాక వచ్చే మొదటి చదును, ఇవి ముందు చూడాలి. ఎక్కేవాడు అలిసిపోయి అక్కడే కూర్చుంటాడు కదా.

ఇంకో గుర్తు చెట్లు. చుట్టూ అడవి జాతులుండి మధ్యలో ఎవరో నాటినట్టు పళ్ల చెట్టో, వరసగా పెరిగిన చెట్లో కనపడితే అక్కడ ఒకప్పుడు ఇల్లు ఉండొచ్చు. చదరంగా పేర్చినట్టున్న రాళ్లు, నేలలో గిన్నెలా పల్లం, ఇవీ అంతే. అయితే గోడలు, సమాధులు, శాసనాల్లాంటివి కనపడితే అది మన పని కాదు. పురావస్తు శాఖవాళ్లకు చెప్పి పక్కకు తప్పుకోవాలి.

కాయిల్ ఆడించే తీరు

ముందు గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేలలోని ఖనిజాల గోల వినపడకుండా యంత్రాన్ని సరిచెయ్యడం. లోహం లేని చోట చూసుకుని, కాయిల్‌ను నేలకు రెండు వేళ్ల ఎత్తునుంచి మోకాలి ఎత్తు వరకు పైకీ కిందికీ ఆడిస్తూ, శబ్దంలో మార్పు లేకుండా సరిచెయ్యండి. ఎర్రమట్టి, నల్లరాళ్ల నేలల్లో ఇనుప ఖనిజం ఎక్కువుంటే యంత్రం ఊరికే కూస్తుంది. అప్పుడు సెన్సిటివిటీ (యంత్రం ఎంత చిన్న సంకేతానికి పలకాలో చెప్పే అమరిక) తగ్గించండి. తగ్గిస్తే లోతు పోతుందని చాలామంది టెన్షన్ పడతారు గానీ, గోలలో వినపడని లోతు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

తర్వాత నడక. కాయిల్‌ను నేలకు ఆనీ ఆననట్టు ఉంచి, ఎడమనుంచి కుడికి వెళ్లడానికి రెండు మూడు సెకన్లు పట్టేలా ఆడించండి. చివర్లలో చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది, గడ్డి కోసేవాడి కొడవలిలా. ఈ తప్పు అందరూ చేస్తారు, నేను ఇప్పటికీ చేస్తాను. పైకి లేచిన ప్రతిసారీ అంత లోతు పోయినట్టే. ఒక్కో అడుగుకూ, ఇందాక ఆడించిన జాగాలో సగమైనా మళ్లీ కాయిల్ కిందికి రావాలి.

ఇనుము ఎక్కువున్న చోట చిన్న కాయిల్ వాడండి. కారణం ఇది. డిటెక్టర్ కాయిల్ నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. దానివల్ల లోహంలో చిన్న విద్యుత్ సుడులు పుడతాయి. ఆ సుడులు తిరిగి పంపే సంకేతం ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి, లోహం ఏ రకందో యంత్రం అంచనా కడుతుంది. కాయిల్ కింద మేకూ నాణెం రెండూ ఒకేసారి ఉంటే ఆ రెండు సంకేతాలూ కలగాపులగం అవుతాయి, చాలాసార్లు మేకే గెలుస్తుంది. చిన్న కాయిల్ రెంటినీ విడదీసి చూడగలదు. లోతు కాస్త తగ్గుతుంది, తగ్గనివ్వండి.

అబద్ధమాడే ఇనుము

ఈ పాఠంలో కష్టమైన భాగం ఇదే. మామూలుగా ఇనుముది మందమైన, కింది స్థాయి శబ్దం. వెండిది, రాగిది స్వచ్ఛమైన పై స్థాయి శబ్దం. అయితే తుప్పు పట్టిన వంకర మేకు, ఇనుప రింగు, పలచటి రేకు అప్పుడప్పుడూ వెండిలా పలుకుతాయి. స్క్రీన్ మీద లోహం రకం చెప్పే అంకె కూడా వెండికి వచ్చినంత పెద్దగా చూపిస్తాయి. స్క్రీన్‌ను నమ్మి గుండె దడదడలాడుతూ తవ్వితే చేతిలోకి తుప్పు వస్తుంది.

ఇనుము మోసం చెయ్యడం ఈనాటిది కాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగినప్పుడు, ఒంట్లో తూటా ఎక్కడుందో కనిపెట్టడానికి టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇలాంటి యంత్రమే తయారుచేసి తీసుకెళ్లాడు. తూటా దొరకలేదు. పరుపు కింద ఉక్కు తీగలున్న సంగతి తర్వాత బయటపడింది. అంతటివాడికే తప్పలేదు, మనమెంత?

తేడా పట్టుకోవడానికి నేను చేసేది ఇది. సిగ్నల్ వచ్చిన చోట కాయిల్‌ను చిన్నగా, నాలుగు వేళ్ల మేర మాత్రమే అటూ ఇటూ ఆడిస్తాను. తర్వాత ఆ చుక్కను వదలకుండా, నేను పక్కకు నడిచి నిలబడి, మొదటి దిక్కుకు అడ్డంగా ఆడిస్తాను. నాణెమైతే రెండు వైపులనుంచీ దాదాపు ఒకేలా, గుండ్రంగా, ముందూ వెనకా తోక లేకుండా పలుకుతుంది. మేకైతే ఒకవైపునుంచి కమ్మగా పాడి, రెండోవైపునుంచి గరగరలాడుతుంది, లేదా మధ్యలో తెగుతుంది. ఇంకో గుర్తు కూడా ఉంది. పిన్‌పాయింట్ బటన్ (వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపేది) నొక్కి చూస్తే వస్తువు ఉన్న చోటు, ఇందాక పై స్థాయి శబ్దం వచ్చిన చోటు ఒకటి కావు, బెత్తెడు దూరం జరిగి ఉంటాయి. ఆ జరుగుబాటు కనపడితే నూటికి తొంభైపాళ్లు ఇనుమే.

అయినా అనుమానంగా ఉంటే తవ్వండి. నిలువుగా పడి ఉన్న నాణెం, మేకును ఆనుకుని ఉన్న నాణెం కూడా ఇలాగే తెగిపోతూ పలుకుతాయి. పాత గుడిసె జాగాలో నేను తెగే శబ్దాన్ని కూడా వదలను. వేరే చోట వదిలేస్తాను.

పెళ్ల తియ్యడం

చోటు కచ్చితంగా తెలుసుకోవడానికి కాయిల్‌తో కూడిక గుర్తు గీసినట్టు రెండు వైపులా ఆడించండి, రెండు గీతలూ కలిసిన చోటే వస్తువు. మీది డీడీ కాయిల్ (లోపల రెండు D ఆకారపు తీగచుట్లు ఉండే రకం) అయితే ఒక కిటుకు ఉంది. ఆడిస్తూ కాయిల్‌ను మెల్లగా మీవైపుకు లాక్కోండి. శబ్దం ఆగిపోయిన క్షణాన వస్తువు కాయిల్ ముందు కొసకు కాస్త అవతల ఉంటుంది.

ఇప్పుడు చేతిపారతో గుర్రపు లాడం ఆకారంలో కొయ్యండి, అంటే మూడు వైపులా తెగాలి, నాలుగోవైపు తలుపు బందులా అతుక్కుని ఉండాలి. వస్తువున్న చోటికి కనీసం బెత్తెడు దూరం నుంచి మొదలుపెట్టండి. గడ్డిపెళ్లను వేర్లతో సహా తలుపు తెరిచినట్టు వెనక్కి మడవండి. వదులు మట్టిని పక్కన పరిచిన గుడ్డ మీదే పొయ్యండి. ముందు పెళ్ల అడుగున, తర్వాత గుంటలో పిన్‌పాయింటర్ (చేతిలో పట్టే చిన్న డిటెక్టర్) పెట్టి చూడండి. తొందరపడి పారను గుంట మధ్యలోకి దించితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నా దగ్గర ఒక వెండి నాణెం ఉంది, దాని మీద రాజు ముఖానికి అడ్డంగా నా పార గీసిన గీత ఉంది.

వస్తువు దొరికాక గుంటను మళ్లీ ఒకసారి కాయిల్‌తో చూడండి, ఒకటి దొరికిన చోట రెండోది ఉండటం మామూలే. తర్వాత మట్టి పోసి, పెళ్ల మూసి, కాలితో అదమండి. వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఎక్కడ తవ్వారో మీకే గుర్తు దొరకకూడదు.

నాణేన్ని అక్కడికక్కడే బొటనవేలితో రుద్దొద్దు. అంటుకున్న ఇసుకరేణువులే దాన్ని గీరేస్తాయి. రాగి మీది పచ్చ చిలుము కింద బొమ్మ భద్రంగా ఉంటుంది, దాన్ని గీకితే చిలుముతోపాటు బొమ్మా పోతుంది. మట్టితోనే చిన్న డబ్బాలో పెట్టి ఇంటికి తీసుకెళ్లండి.

చెయ్యి ఆపాల్సిన చోట్లు రెండున్నాయి. ఒకటి, పాత యుద్ధాలు జరిగిన నేలలో బాంబులా, ఫిరంగి గుండులా కనపడేది ఏదైనా. ఎంత పాతదైనా, ఎంత తుప్పు పట్టినా ముట్టుకోవద్దు. గుర్తు పెట్టి, దూరంగా వచ్చి, పోలీసులకు చెప్పండి. రెండోది, ఒకేచోట వరసగా నాణేలు రావడం. 1992 నవంబరులో ఇంగ్లండ్‌లోని హాక్సన్ అనే ఊళ్లో ఎరిక్ లాజ్ అనే ఆయన, ఒక రైతు పోగొట్టుకున్న సుత్తి కోసం వెతుకుతూ రోమన్ల కాలపు బంగారు, వెండి నాణేల మీద పడ్డాడు. కొన్ని తీశాక ఇక తవ్వకుండా కబురు పెట్టాడు. మర్నాడు పురావస్తు నిపుణులు వచ్చి తవ్వితే దాదాపు 15,000 నాణేలు తేలాయి. ఆయన ఆగబట్టే అవి ఒక చెక్కపెట్టెలో ఎలా సర్దిపెట్టారో కూడా తెలిసింది. సుత్తి కూడా దొరికింది లెండి, అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

వచ్చే పాఠానికి పని: అనుమతి ఉన్న ఏదైనా పాత కాలిబాట పక్కన, డిస్క్రిమినేషన్ సున్నాలో పెట్టి, రెండు గంటలు నడవండి. తవ్వొద్దు. ఇనుము పలికిన ప్రతిచోటా ఒక పుల్ల గుచ్చండి. అయ్యాక ఎత్తుగా ఉన్న చోటునుంచి చూసి, పుల్లలు ఎక్కడ దట్టంగా ఉన్నాయో కాగితం మీద గీసుకుని, పుల్లలన్నీ తీసేసి రండి. ఆ కాగితంతోనే 5వ పాఠం మొదలుపెడతాం.