సీగల్స్‌ని గుర్తుపట్టాలంటే తల కాదు, రెక్క కొన చూడండి

నవంబర్ నుంచి మార్చి దాకా మన తీరంలో సీగల్స్ ఉంటాయి. విశాఖ ఫిషింగ్ హార్బర్‌కో కాకినాడ వైపుకో, బోట్లు వేట నుంచి తిరిగొచ్చే వేళకి వెళ్లండి, చేపలు దించే చోట వాటి గోల దూరానికే వినిపిస్తుంది.

అక్కడ ఎగిరే తెల్లపిట్టలన్నీ గల్స్ కావు, టెర్న్‌లు కూడా ఉంటాయి. రెండూ లారిడే కుటుంబానివే కాబట్టి పోలికలు సహజం. ముందు తోక, ముక్కు చూడండి. టెర్న్ సన్నగా ఉంటుంది, తోక ఎక్కువగా రెండుగా చీలి ఉంటుంది, ముక్కు సూదిలా తిన్నగా ఉంటుంది, చేప కనిపిస్తే తలకిందులుగా నీళ్లలోకి దూకుతుంది. గల్ ఒళ్లు కాస్త భారీ, రెక్కలు వెడల్పు, ముక్కు కొన కిందికి వంగి ఉంటుంది, తోకకి చీలిక ఉండదు. అది సాధారణంగా అలా దూకదు, నీటి పైనుంచి అందుకుంటుంది, లేదంటే ఇసుకలో నడుస్తూ ఏది దొరికితే అది తింటుంది.

ఇక అసలు చిక్కు ఏమిటంటే, మన దగ్గర ఎక్కువగా కనిపించే బ్రౌన్‌హెడెడ్ గల్‌కి చలికాలంలో గోధుమరంగు తల ఉండదు, బ్లాక్‌హెడెడ్ గల్‌కి నల్ల తలా ఉండదు! రెండిటికీ తల తెల్లబడిపోయి కంటి వెనక ఓ నల్ల మచ్చ మాత్రం మిగులుతుంది, కాళ్లూ ముక్కూ రెండిటికీ ఎర్రగానే ఉంటాయి, కాబట్టి పేరు నమ్ముకుంటే పని జరగదు. ఎగిరేదాకా ఓపిక పట్టండి. రెక్క కొన బాగా నల్లగా ఉండి అందులో తెల్ల చుక్కలుంటే అది బ్రౌన్‌హెడెడ్, రెక్క ముందు అంచు వెంట తెల్లటి పట్టీ కనిపిస్తే బ్లాక్‌హెడెడ్. కూర్చున్న పిట్టైతే కన్ను జూమ్ చేయండి, ఎదిగిన బ్రౌన్‌హెడెడ్‌కి కనుపాప చుట్టూ ఉండే వలయం లేతరంగు, బ్లాక్‌హెడెడ్‌కి ముదురు. లద్దాఖ్, టిబెట్ ఎత్తుల్లోని సరస్సుల దగ్గర గుడ్లు పెట్టే బ్రౌన్‌హెడెడ్ గల్ చలికి ఇంత దూరం మన తీరానికి వస్తుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మార్చిలో వెళ్లే ముందు కొన్నిటికి తల గోధుమరంగులోకి తిరగడం ఇక్కడే చూడొచ్చు.

వీటి పక్కన ఒకటి మరీ పెద్దగా, పసుపు ముక్కు మీద నల్లపట్టీతో కనిపిస్తే అది పలాసెస్ గల్. ఒంటి మీద గోధుమ మచ్చలున్నవి పిల్లలు. చిన్న జాతులకి ఎదిగిన పిట్ట రంగు రావడానికి దాదాపు రెండేళ్లు, పెద్ద జాతులకి నాలుగేళ్లు పడుతుంది, అందుకని మొదట్లో పిల్లపిట్టల్ని గుర్తుపట్టే పని పెట్టుకోకండి, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ముక్కు చివర నీటిబొట్టు వేలాడుతుంటే జబ్బు అనుకోవద్దు. ఉప్పునీళ్లు తాగినా బతకడానికి వీటికి కళ్లపైన ఉప్పు గ్రంథులున్నాయి, ఎక్కువైన ఉప్పు ముక్కు రంధ్రాల్లోంచి అలా బయటికి పోతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను, ఢిల్లీ యమునా ఘాట్‌లో వేసినట్టు కారప్పూస, మిక్చర్ వేయకండి. నూనె, ఉప్పు, కారం వాటి తిండి కాదు. ఫొటో కోసం పిట్టల గుంపులోకి పరిగెత్తొద్దు, మీ పిల్లల్నీ పరిగెత్తించొద్దు. బోటు వచ్చేటప్పుడు అవే లేస్తాయి, రెక్క కొనలు స్పష్టంగా దొరికేది అప్పుడే.