టీనేజ్ సినిమాకి మొదటి రెండు నిమిషాలు ఎలా తీయాలి?

బ్రిటన్‌లో ఏ-లెవెల్ (మన ఇంటర్ లాంటిది) మీడియా స్టడీస్ తీసుకున్న విద్యార్థులకు చాలా ఏళ్లపాటు ఒక ప్రాజెక్టు ఉండేది. ఇంకా ఎవరూ తీయని సినిమా ఒకటి ఊహించుకుని, టైటిల్స్‌తో సహా దాని ఓపెనింగ్ మాత్రం తీయాలి. రెండు నిమిషాలు దాటకూడదు. మన ఇంటర్, డిగ్రీ పిల్లలు షార్ట్ ఫిల్మ్ అనగానే ఇరవై నిమిషాల కథ ఎత్తుకుని సగంలో ఆగిపోతుంటారు. వాళ్లకు ఇంతకంటే మంచి మొదలు లేదని నా గట్టి నమ్మకం. కథ ముగించాల్సిన బరువు ఉండదు. ఇది టీనేజ్ కథ అనీ, ఫలానా వాళ్ల కథ అనీ, ఏదో జరగబోతోందనీ చూసేవాళ్లకు తెలిస్తే చాలు.

1. ఆనవాయితీల పట్టిక రాయండి

ప్రతి జానర్‌కీ, అంటే ప్రతి రకం సినిమాకీ, కొన్ని ఆనవాయితీలుంటాయి. టీనేజ్ సినిమా అనగానే కాలేజీ గేటు, గుంపులు గుంపులుగా పిల్లలు, టాపరు, అల్లరి జట్టు, కొత్తగా చేరిన అమ్మాయో అబ్బాయో, వెనక నుంచి వినిపించే కథానాయకుడి గొంతు, హుషారైన పాట గుర్తొస్తాయి. వీటిని కాగితం మీద ఒక వరసలో రాయండి. పక్క వరసలో ప్రతి ఒక్కటీ ఏం పని చేస్తోందో రాయండి. అసలు కష్టం ఈ రెండో వరసలోనే ఉంది, ఫలితమూ అక్కడే ఉంది.

ఉదాహరణకు అమెరికన్ సినిమాల్లో వరండా పొడవునా లాకర్లుంటాయి. ఆ లాకరు చేసే పని ఏమిటి? అందరూ తిరిగే చోట ఒక్కరి సొంత ప్రపంచం తలుపు తెరుచుకోవడం. మన కాలేజీల్లో లాకర్లు లేవని అద్దెకు తెచ్చి పెడితే మొదటి షాటే అబద్ధమవుతుంది. ఆ పని మన దగ్గర హాస్టల్ ట్రంకుపెట్టె చేస్తుంది. మూత లోపలివైపు అతికించిన దేవుడి బొమ్మ, టైమ్‌టేబుల్, ఇంట్లోవాళ్ల ఫొటో, అడుగున దాచుకున్న పచ్చడి సీసా కనిపించాక ఆ పిల్ల ఎవరో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

2. పాత్రలు వచ్చే తీరులోనే వాళ్లెవరో చెప్పండి

1985లో జాన్ హ్యూస్ తీసిన ‘ది బ్రేక్‌ఫాస్ట్ క్లబ్’ ఓపెనింగ్ ఒక్కసారి చూడండి. శనివారం పూట శిక్షగా బడికి రావాల్సిన ఐదుగురు పిల్లలు ఒక్కొక్కరే చేరుకుంటారు. ఖరీదైన కారులో నాన్న పక్కన కూర్చుని ఒకమ్మాయి గునుస్తుంది. చదువరి అబ్బాయికి ఈ ఖాళీలోనూ చదువుకునే దారి చూసుకొమ్మని తల్లి చెబుతుంది. ఇంకో అమ్మాయి దిగి కారు వైపు తిరిగేలోపే అది వెళ్లిపోతుంది. ఒక కుర్రాడిని దింపడానికి ఎవరూ రారు, నడిచి వస్తాడు. ఐదు ఇళ్ల సంగతి గేటు దగ్గరే తేలిపోయింది.

మీ కాలేజీ గేటు ముందు ఉదయం పూట నిలబడి చూడండి. నాన్న స్కూటీ మీద దిగిన అమ్మాయి పది అడుగులు వేశాక, క్యారేజీ మర్చిపోయావంటూ ఆయన వెనకాలే పరిగెత్తుకొస్తాడు. షేరాటోలో డ్రైవరు పక్కన సగం బయటికి వేలాడుతూ ఇంకొకడు వస్తాడు. గోడ మీద ర్యాంకుల ఫ్లెక్సీ ఉంటుంది. దాని వంక చూడకుండా తల దించుకుని లోపలికి వెళ్లేవాడు మీ హీరో కావచ్చు.

3. ఒక్క ఆనవాయితీని మాత్రం తిప్పండి

జానర్ అంటే పాతదే మళ్లీ రావడమూ, అందులో తేడా ఉండడమూ కలిసి అని బ్రిటిష్ సినిమా అధ్యయనకారుడు స్టీవ్ నీల్ చెప్పాడు. విద్యార్థులు చాలామంది అన్నిటినీ ఒకేసారి తిరగేస్తారు. అప్పుడు చూసేవాళ్లకు ఏ సినిమాకి వచ్చామో అర్థం కాదు. మిగతావి ఉన్నట్టే ఉంచి ఒకటి మార్చండి. టాపరుకు కళ్లజోడు, నూనె జడ పెట్టాలనిపిస్తే ఆగి, ఆ పాత్రకు అల్లరి జట్టు నాయకత్వం ఇచ్చి చూడండి.

అలారం మోగి, చెయ్యి దాన్ని ఆపి, పళ్లు తోముకునే మొదలు మాత్రం వద్దు. అది ఎన్ని వందల సార్లు వచ్చిందో మీకూ తెలుసు.

4. ఒక ప్రశ్న నాటి, షాట్లు రాసుకోండి

నూట ఇరవై సెకన్లు. షాటుకు సగటున మూడు సెకన్లు అనుకుంటే నలభై షాట్లు. వరస ఇలా ఉండొచ్చు: హాస్టల్ మెట్ల మీద పెట్టె ఈడ్చిన చప్పుడు, నల్లటి తెర. బయట నుంచి భవనం. గదిలో ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకునే మూతలు, వాటి వెనక నుంచి తొంగిచూసే మొహాలు. కొత్తమ్మాయి పెట్టె మంచం కింద చేరుతుంది. మూత మీద తెల్ల పెయింటుతో ఆమె పేరు. కెమెరా దగ్గరికి వెళితే, దాని కింద గీకేసిన ఇంకో పేరు. సీనియర్ ఒకతి ఆ పాత పేరు చదివి చూపు తిప్పుకుంటుంది. ఇక్కడ టైటిల్ పడాలి. ఆ పాత పేరు ఎవరిదో చెప్పొద్దు, మీరు నాటిన ప్రశ్న అదే.

5. శబ్దం

సినిమా పాట పెట్టకండి. అప్‌లోడ్ చేసిన వెంటనే కాపీరైట్ క్లెయిమ్ పడే ప్రమాదం ఉంది. పైగా ఆ పాట మీ బొమ్మల్ని మింగేస్తుంది. బెంచీ మీద దరువు వేసేవాడు ప్రతి క్లాసులోనూ ఒకడుంటాడు, వాడితో రికార్డు చేయించండి. సంగీతం పాత్రను ఎలా పట్టిస్తుందో తెలియాలంటే 1999 నాటి ‘10 థింగ్స్ ఐ హేట్ అబౌట్ యూ’ మొదలు చాలు. ఒక కారులో అమ్మాయిలు వింటున్న హుషారు పాట, పక్కన వచ్చి ఆగిన హీరోయిన్ కారులో దాన్ని తొక్కేసే రాక్ పాట. ఆమె నోరు విప్పకముందే ఎవరితోనూ కలవదని తెలిసిపోతుంది.

వాయిస్ ఓవర్ వాడితే బొమ్మలో కనిపించేదాన్నే మళ్లీ చదవొద్దు. తెర మీద పెట్టె కనిపిస్తుంటే, గొంతు ఇంటి సంగతి చెప్పాలి.

షూటింగ్ అయ్యాక ఆ గదిలోనే అందరూ మౌనంగా ఉండి అర నిమిషం ఖాళీ శబ్దం రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో శబ్దం అతుకులు తెలియకుండా అదే కాపాడుతుంది. డైలాగ్ ఉంటే ఫ్యాన్ ఆపేయండి.

6. తీసేటప్పుడు

ప్రిన్సిపాల్ అనుమతి కాగితం మీద తీసుకోండి. నటించేవాళ్లు పద్దెనిమిదేళ్ల లోపువాళ్లైతే తల్లిదండ్రుల సంతకం కూడా కావాలి. ట్యూబులైట్ల కింద ఫోనుతో తీస్తే వీడియో మిణుకు మిణుకుమంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ వేగం 1/50 సెకను పెట్టుకుంటే ఆ బాధ చాలావరకు పోతుంది. ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు) లాక్ చేయండి. లేకపోతే ఎవరైనా కదిలినప్పుడల్లా వెలుగు మారుతుంది.

7. టైటిల్స్

మామూలుగా నిర్మాణ సంస్థ ముందు, తర్వాత ప్రధాన నటులు, సినిమా పేరు, సాంకేతిక నిపుణులు, చివర్లో దర్శకత్వం వస్తాయి. అక్షరాలు కూడా మీ కథలోంచే రావాలి. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు ఒత్తులు విడిపోతాయి. దానికంటే రేకు మీద బ్రష్షుతో రాసి ఫొటో తీసి వాడితే అందంగానూ ఉంటుంది, ట్రంకుపెట్టెతో కలిసిపోతుంది.

8. కథ తెలియనివాళ్లకు చూపించండి

స్నేహితులకు కాదు, వాళ్లకు ముందే కథ తెలుసు. పక్కింటి పిన్నికో, వేరే కాలేజీ కుర్రాడికో మొదట శబ్దం ఆపేసి చూపించండి. ఇది ఎలాంటి సినిమా, ఎవరి కథ, తర్వాత ఏం తెలుసుకోవాలనిపిస్తోంది అని అడగండి. మొదటి ప్రశ్నకు తడబడితే ఆనవాయితీలు చాలలేదు. రెండోదానికి తడబడితే మొహాలు ఎక్కువయ్యాయి, ఇద్దరిని తీసేయండి. మూడోదానికి జవాబు రాకపోతే సీనియర్ చూపు తిప్పుకునే షాటును ఇంకో సెకను పొడిగించి మళ్లీ చూపించండి.